చిక్కడపల్లి - వనస్థలిపురం: రెండు పేటల పూర్వాపరాలు

మన సంఘం కార్యాలయంలో సభ్యుల చిరునామాల రిజిస్టరు ఒకటి ఉన్నది. అట్టలు ఊడిపోగా గుడ్డ అంటించి మళ్లీ బైండు చేయించిన పాత రిజిస్టరు. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు ముందుగా అదే గుర్తుకు వచ్చింది. దాని మొదటి పేజీల నిండా చిక్కడపల్లి, నల్లకుంట, నారాయణగూడ, విద్యానగర్. చాలా చిరునామాలలో ‘కేరాఫ్’ అని ఇంటి యజమాని పేరు కూడా ఉంటుంది. పేజీలు తిరగేసిన కొద్దీ ఆ చిరునామాల మీద అడ్డగీతలు కనిపిస్తాయి. పక్కన వేరే సిరాతో ‘వనస్థలిపురం, ప్లాటు నెంబరు ఇంత’ అని రాసి ఉంటుంది. కేరాఫ్ పోయి ప్లాటు వచ్చింది. మన తరం గుమాస్తాల చరిత్ర చాలావరకు ఆ అడ్డగీతలోనే ఉన్నది.

ఇప్పుడు మూడో సిరా అవసరం పడుతున్నది. డెబ్బై దాటిన వారిని పిల్లలు ‘ఆ ఇల్లు అమ్మేసి ఊళ్లోకి వచ్చేయండి’ అంటున్నారు. ఊళ్లో ఉన్నవారేమో హారన్ల మోత భరించలేక ‘మీ వైపు ఏదైనా పోర్షను ఉంటే చెప్పండి’ అని మా వైపు వారిని అడుగుతున్నారు. నెలవారీ సమావేశంలో డి.ఎ. బకాయిల తరువాత ఎక్కువ చర్చ దీని మీదనే జరుగుతున్నది. ఆ చర్చలో అందరూ చదరపు అడుగు ధర గురించే మాట్లాడుతారు. ఆ పేటను ఎవరి కోసం కట్టారు, ఆ నేలకు నీరు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది అని అడిగినవారు తక్కువ. రెండు చోట్లా కాపురం చేసినవాడిని గనుక నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

హైదరాబాదు మూసీ ఒడ్డున పుట్టినా, 1908 సెప్టెంబరు 28 నాటి వరద తరువాత జనానికి ఏటి ఒడ్డు అంటే భయం పట్టుకున్నది. వేల మంది ప్రాణాలు పోయిన వరద అది. ఆ తరువాత 1911లో ప్లేగు. ఇరుకు గల్లీలు, మురికి నీరు ఇక పనికిరావని ప్రభుత్వం 1912లో నగరాభివృద్ధి కోసం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. విశ్వేశ్వరయ్యగారి సలహాల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయి, వరద అదుపుతో పాటు మంచినీరు కూడా వచ్చింది. నీరు, రోడ్డు ఎటు పోతే ఊరు అటు పోతుంది. మూసీకి ఉత్తరాన, హైదరాబాదుకూ సికిందరాబాదుకూ మధ్యనున్న తోటలూ పొలాలూ క్రమంగా పేటలుగా మారాయి. బాగ్‌లింగంపల్లి పేరులోని ‘బాగ్’ అంటే తోటే కదా. చిక్కడపల్లి పేరు చివర ‘పల్లి’ కూడా ఆ కాలపు గుర్తే.

తరువాత 1956 నవంబరు 1 వచ్చింది. కర్నూలు నుంచి రాజధాని తరలివచ్చి, ఉద్యోగులు వందల కుటుంబాలుగా దిగారు. జిల్లాల నుంచి మాబోటి వారు ఏటేటా వచ్చి చేరారు. ప్రభుత్వ క్వార్టర్లు మలక్‌పేటలోనూ విజయనగర్ కాలనీలోనూ ఉన్నా, దరఖాస్తు పెట్టిన వారందరికీ అందేవి కావు. సెక్రటేరియట్‌కు నడిచిపోగల దూరంలో, జీతానికి తగిన అద్దెకు రెండు గదులు దొరికే పేటలు చిక్కడపల్లి, అశోక్‌నగర్, దోమలగూడ. ఇంటి యజమానులు కూడా ఇది గ్రహించి, ఉన్న ఇంటిని పోర్షన్లుగా చీల్చి, పెరట్లో రేకుల గదులు వేసి అద్దెలకు ఇచ్చారు. అంటే చిక్కడపల్లి రూపుదిద్దుకున్నది నడిచే ఉద్యోగి కోసం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

నేను 1974లో ఉద్యోగంలో చేరి, అక్కడే ఒక రెండు గదుల పోర్షనులో దిగాను. నెలకు 90 రూపాయల అద్దె. ఆరు కాపురాలకు ఒక నల్లా, రెండు మరుగుదొడ్లు. నల్లా తెల్లవారుజామున వచ్చేది. మా ఆవిడ, పక్క పోర్షను వదినగారు బిందెలు వరసలో పెట్టి, ఎవరి బిందె ఏదో గుర్తుకు మెడకు గుడ్డపీలికలు కట్టేవారు. 1965 నుంచి మంజీరా నీరు కూడా నగరానికి వస్తున్నా, మా వీధి చివరి నల్లాకు చేరేసరికి దారంలా సన్నబడేది. తొమ్మిదిన్నరకు టిఫిను డబ్బా పట్టుకుని బయలుదేరితే అశోక్‌నగర్, దోమలగూడ మీదుగా పదీ పదింటికి ముందే సెక్రటేరియట్ గేటు దగ్గర ఉండేవాళ్లం. దారిలో మరో నలుగురు కలిసేవారు. ఇంక్రిమెంట్లు, సీనియారిటీ జాబితాలు, ఎవరి కూతురి పెళ్లిచూపులు ఎంతదాకా వచ్చాయి, అన్నీ ఆ నడకలోనే తేలిపోయేవి. హాజరుపట్టీలో నా పేరు మీద ఎర్రగీత పడిన రోజులు వేళ్ల మీద లెక్కించవచ్చు. ఆ ఘనత నాది కాదు, చిక్కడపల్లిది.

సాయంత్రాలైతే చెప్పనక్కరలేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పత్రికలు, త్యాగరాయ గానసభలో నాటకమో కచేరీయో, వెంకటేశ్వరస్వామి గుడి, కూరగాయల సంత, ఆర్టీసీ క్రాస్‌రోడ్డులో సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లు. అన్నిటికీ కాలినడకే. రెండో ఆట వదిలాక జనం మాటలతో మా వీధి మళ్లీ ఒకసారి మేలుకునేది. ఇంటి యజమానులు మాత్రం తేలికైన వారు కారు. పదింటికి దీపం ఆర్పాలి, చుట్టాలు మూడు రోజులకు మించరాదు, గోడకు మేకు కొట్టరాదు. గోడకు మేకు కొట్టే హక్కు కోసమే చాలామంది ఇల్లు కట్టుకున్నారని మా సెక్షన్ సూపరింటెండెంటుగారు హాస్యమాడేవారు.

ఆ హక్కు వెతుక్కుంటూ పోయిన చోటే వనస్థలిపురం. విజయవాడ రోడ్డు మీద నిజాం కాలపు వేటస్థలం ఒకటి ఉన్నది. కృష్ణజింకలకు ప్రసిద్ధి. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. సుమారు 3600 ఎకరాల ఆ వనం పక్కన, సాహెబ్‌నగర్ గ్రామం భూములలో లేచిన కాలనీలే వనస్థలిపురం. హౌసింగ్ బోర్డు ఇళ్లు కొన్ని, సొసైటీల ప్లాట్లు కొన్ని. మనవారి పేరు మీద ఎన్జీవోస్ కాలనీయే ఉన్నది.

ఇంత దూరం ఎందుకు పోయారని నేటి పిల్లలు అడుగుతారు. చవక ఒక్కటే కారణం కాదు. జిల్లాల నుంచి వచ్చినవాడు తన ఊరి బస్సు పోయే రోడ్డు మీద స్థిరపడటానికే ఇష్టపడతాడు. నల్లగొండ, సూర్యాపేట, విజయవాడ వైపు వారు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, వనస్థలిపురం పట్టారు. వరంగల్లు వైపు వారు ఉప్పల్ పట్టారు. మాది సూర్యాపేట ప్రాంతం. గడప దాటి రోడ్డెక్కితే మా ఊరి బస్సు ఎదురు వస్తుందన్న ధైర్యం ఎంత విలువైనదో, ఇంటి దగ్గర ముసలి తల్లిదండ్రులను ఉంచుకుని నగరంలో ఉద్యోగం చేసినవారికి తెలుస్తుంది. ఇంకొక కారణం నిబంధనలలో ఉన్నది. ఇంటి అద్దె భత్యం ఉద్యోగి కాపురమున్న చోటును బట్టి కాక పనిచేసే చోటును బట్టి ఇస్తారు. అందుచేత ఊరవతల ఉన్నా సెక్రటేరియట్ గుమాస్తాకు నగరపు భత్యమే. ఈ నిబంధన లేకుంటే శివారు కాలనీలు అంత త్వరగా నిండేవి కావని నా అభిప్రాయం. దీనికి తోడు గృహనిర్మాణ అడ్వాన్సు. ముందు అసలు, తరువాత వడ్డీ, జీతంలో నుంచి నెలనెలా కోత. ఆ వాయిదాలతోనే మా ఇంటి గోడలు లేచాయి. 1986లో గృహప్రవేశం చేశాము.

మొదటి సంవత్సరాలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు, భయం రెండూ వస్తాయి. వానాకాలంలో చెప్పులు చేత పట్టుకుని కాలనీ నుంచి బస్సు స్టాపుకు నడిచి, అక్కడ కాళ్లు కడుక్కుని ఆఫీసుకు పోయేవాళ్లం. బస్సు తప్పితే గంట. రాత్రి ఆఖరి బస్సు అందకపోతే ఎల్.బి.నగర్ నుంచి నడకే. రాత్రిళ్లు నక్కల కూతలు, తెల్లవారితే వనం వైపు నుంచి నెమళ్ల కేకలు వినబడేవి. నీటి సంగతి చెప్పేదేమున్నది? బోరు వేస్తే ఒక ఇంట్లో పడేది, పక్కింట్లో పడేది కాదు. మాకు పడింది గనుక మూడిళ్ల వారు మా దగ్గరే పట్టుకునేవారు. ఆ మూడిళ్లూ ఈనాటికీ మాకు చుట్టాలకంటే ఎక్కువ. ఎండాకాలం ట్యాంకరు వచ్చిన రోజున ఆఫీసుకు సెలవు పెట్టినవారు కూడా ఉన్నారు. 2004లో కృష్ణా నీరు నగరానికి వచ్చినప్పుడు, ఆ గొట్టాలు మా సాహెబ్‌నగర్ రిజర్వాయరు మీదుగానే లోనికి పోయాయి. పద్దెనిమిదేళ్లు నగరం నీళ్ల కోసం ఎదురుచూసిన మాకు, నగరానికి పోయే నీళ్లు మా ఇంటి ముందు నుంచి పోవడం చూస్తే కొంత గర్వంగానే ఉండేది.

నీరు రావడం ఒక సంగతి, నీరు పోవడం వేరొక సంగతి. మన వయసు వారు ఇల్లు మారేటప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసినది ఇదేనని నేను గట్టిగా చెబుతాను. హుస్సేన్‌సాగర్ 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువు. దాని అలుగు నీరు దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాకల మీదుగా మూసీలో కలుస్తుంది. నాలుగు వందల ఏళ్లుగా అదే దారి. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు ఆ నాలా వెంట ఉన్న ఇళ్లన్నీ మునిగాయి. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వైపు వారికి గడప తడవలేదు. రెండు వీధులు దిగిన వారికి బియ్యం డబ్బాలు తేలాయి. పేట పేరు ఒకటే, వాలు వేరు.

వనస్థలిపురం ఎత్తు ప్రదేశమని మేము ధీమాగా ఉండేవాళ్లం. 2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి వాన పడింది. హయత్‌నగర్ నుంచి మా వైపు కూడా తక్కువేమీ కాదు. మా వీధి నిజంగానే ఎత్తు, నీళ్లు ఆగలేదు. కాని కాప్రాయి చెరువు కింద హరిహరపురం కాలనీలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ ఉన్న మా పాత సహోద్యోగి ఒకాయన పింఛను కాగితాలన్నీ మేడమీద ఆరేసుకోవడం నేను కళ్లారా చూశాను. పీపీవో మీది సిరా అలికిపోయి, కొత్తది తెచ్చుకోవడానికి ఆయన ఎన్ని మెట్లు ఎక్కాడో చెబితే వేరే వ్యాసం అవుతుంది. ఆ చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండితే అలుగు పారి కిందిదానిలోకి పోవాలి. మధ్య దారిలో మనం ప్లాట్లు కొన్నాము. కుంట, చెరువు, కట్ట అని పేరున్న చోట ఇల్లు చూసేటప్పుడు ఆ పేరు ఊరికే రాలేదని తెలుసుకోవాలి. అంబర్‌పేటలో మాయమైపోయిన బతుకమ్మకుంటను 2025లో మళ్లీ తవ్వి నీళ్లు నింపారు కదా.

కాగితాల సంగతి కూడా ఒక మాట. వనస్థలిపురం చుట్టుపక్కల కొన్ని కాలనీలలో ఏళ్ల తరబడి రిజిస్ట్రేషన్లు ఆగిపోయి, చివరకు 2022లో జీవో 118 వెలువడవలసి వచ్చింది. కాబట్టి అటు కొనదలచినవారు సర్వే నెంబరు చూడనిదే బయానా ఇవ్వరాదు. ఇటు చిక్కడపల్లిలో పాత పోర్షన్ల ఇళ్లు పడగొట్టి కట్టిన అపార్ట్‌మెంట్లలో వేరే చిక్కు. చాలావాటిలో మనకు దఖలు పడే స్థలం మంచం వేసుకునేంత కూడా ఉండదు. ముప్పై ఏళ్ల కిందటివాటిలో లిఫ్టు లేనివి కూడా ఉన్నాయి. మూడో అంతస్తు చవకగా వస్తున్నదంటే ఎందుకు వస్తున్నదో మోకాళ్లను అడిగితే చెబుతాయి.

ఇక నేటి పరిస్థితి. మొన్న మాఘమాసంలో నేను వారం రోజులు చిక్కడపల్లిలో తిరిగి చూశాను. గుర్తు పట్టడం కష్టమే. ఆర్టీసీ క్రాస్‌రోడ్డులో తలెత్తితే ఆకాశం కనబడదు. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన జేబీఎస్ - ఎంజీబీఎస్ మెట్రో మార్గం ఒకటి, 2023 ఆగస్టులో తెరిచిన ఇందిరాపార్కు - వీఎస్టీ ఉక్కు వంతెన ఒకటి, ఒకదాని మీద ఒకటి. మా పోర్షను ఉన్న ఇంటి చోట అయిదంతస్తులు లేచాయి. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పత్రిక చదివే ముసలివాడికి కుర్చీ దొరకడం గగనం, అంతా పోటీ పరీక్షల పిల్లలే. వారిని చూస్తే కోపం రాలేదు, మా 1974 గుర్తుకు వచ్చింది. కొత్త సినిమా రోజున మాత్రం ఆ చౌరస్తా వైపు పోకపోవడమే మంచిది. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటరు వద్ద తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయిన సంగతి అందరికీ తెలిసినదే.

అయినా గడియారం పెట్టుకుని నడిచి చూశాను. మందుల దుకాణానికి మూడు నిమిషాలు, కూరగాయలకు ఆరు, గుడికి ఎనిమిది, మెట్రో స్టేషనుకు పది. మెట్రోలో గాంధీ ఆసుపత్రి మూడు స్టేషన్లు. ముషీరాబాదు జైలు ఉండిన స్థలంలోకి 2003లో ఆ ఆసుపత్రి వచ్చింది. ఆపద వేళ మనకు పెద్ద దిక్కు అదే. నడిచే ఉద్యోగి కోసం పెరిగిన పేట గనుక, ఎన్ని అంతస్తులు లేచినా నడిచేవాడికి కావలసినవన్నీ ఇంకా నడిచే దూరంలోనే ఉన్నాయి. వనస్థలిపురం పెరిగింది బస్సు ఎక్కి ఆఫీసుకు పోయి, సాయంత్రం ఇంటికి వచ్చి జామచెట్టు కింద కుర్చీ వేసుకునే ఉద్యోగి కోసం. రైతుబజారు ఉన్నది, గాలి ఉన్నది, పలకరించే మనుషులున్నారు. ఎల్.బి.నగర్ దాకా 2018 సెప్టెంబరులో మెట్రో కూడా వచ్చింది. కాని మా ఇంటి నుంచి ఆ స్టేషను నాలుగైదు కిలోమీటర్లు. బండి నడిపినంత కాలం అది దూరం కాదు. నిరుడు నేను స్కూటరు అమ్మేశాను. ఆ రోజు నుంచి దూరమైంది. ఆటోకు ఫోనులో చెప్పాలి, అతను రావాలి, వచ్చినవాడు ఇంత ఇమ్మనాలి. 2023 డిసెంబరు నుంచి ఆడవారికి బస్సు ఉచితం గనుక మా ఆవిడకు కొంత నయం. ఆమె టికెట్టు లేకుండా, నేను టికెట్టుతో పోతున్నాము. ఎల్.బి.నగర్ వైపు పండ్ల మార్కెట్టు ఖాళీ చేసిన స్థలంలో పెద్ద ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. అదీ, హయత్‌నగర్ దాకా మెట్రో ప్రతిపాదనా, రెండూ మా వైపు వారి ఆశలు. డెబ్బై ఆరో ఏట ప్రతిపాదనల మీద కాపురం పెట్టలేము కదా.

ఇదంతా నోటు ఫైలులాగా రాసి, పాత అలవాటు ప్రకారం ‘చిక్కడపల్లిలో ఫ్లాటు కొనుట పరిశీలించవచ్చును’ అని కింద సిఫారసు చేసి మా ఆవిడ ముందు పెట్టాను. ఇల్లు అమ్మితేనే ఫ్లాటుకు డబ్బు. మా అబ్బాయి ఫోనులో అప్పటికే సరేనన్నాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది. “ఇల్లు అమ్ముడు ముచ్చట మాత్రం తియ్యకుండ్రి. ఆ బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లలు మూడిళ్లల్ల ఉన్నరు. కిరాయికైతే పోదాం” అన్నది. నలభై ఏళ్లు సొంత ఇంట్లో ఉండి మళ్లీ కిరాయికా అని నేను అన్నాను. “మీకు దవాఖాన దగ్గరుండాలె, నాకు ఇల్లు ఉండాలె. రెండు ఒక్కతాన దొరకకపోతే ఏం చేస్తం?” అన్నది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత క్లుప్తమైన ఉత్తర్వు నా ఫైలు మీద ఎవరూ రాయలేదు.

ఆ ప్రకారమే చేశాము. కింది వాటా ఒక టీచరుగారికి అద్దెకిచ్చి, మేడమీది గది మా సామానుతో మాకే ఉంచుకున్నాము. చిక్కడపల్లిలో మెయిన్ రోడ్డుకు ఎగువన, లిఫ్టు ఉన్న ఇంట్లో రెండో అంతస్తు దొరికింది. బయానా ఇచ్చే ముందు వీధి మలుపులో ఇస్త్రీ చేసే అతనిని 2000లో నీళ్లు ఎందాక వచ్చాయని అడిగాను. అతని తండ్రి కూడా అక్కడే ఇస్త్రీ చేసేవాడట. వీధి దిగువన ఒక ప్రహరీ చూపించి, అక్కడ ఆగిపోయాయని చెప్పాడు. మా వాకిలి దానికి చాలా పైన ఉన్నది. యజమాని కుర్రవాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి. గోడకు మేకులు కొట్టుకోవచ్చునా అని నేను అడిగితే విచిత్రంగా చూసి, “కొట్టుకోండి అంకుల్, మీ ఇష్టం” అన్నాడు. వచ్చే శ్రావణంలో పాలు పొంగించుకుంటున్నాము. కార్యదర్శిగారు రిజిస్టరులో నా పేరు దగ్గర మూడో సిరాతో కొత్త చిరునామా రాయవచ్చును, పాతదాని మీద మాత్రం గీత కొట్టవద్దని మనవి. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాసుకున్నాము. ఆ తరువాతి సంగతి మా ఆవిడ చూస్తానన్నది.